ఒక్క గుండూ పేలకుండా దక్కిన పతకం: స్మిర్నా రేవు, 1853 జూలై 2

నౌకాదళ పతకం అనగానే యుద్ధం గుర్తొస్తుంది. బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో అమెరికా కాంగ్రెస్ తన కెప్టెన్లకు ఇచ్చిన పతకాలు చూస్తే చాలావాటిలో ఎదురెదురుగా తలపడే ఓడలు, ఫిరంగి పొగ, కూలిన తెరచాప స్తంభాలు ఉంటాయి. ఆ వరుసలోనే వచ్చినా కమాండర్ డంకన్ నథానియల్ ఇంగ్రహామ్ పతకం తీరు వేరు. 1854 ఆగస్టు 4న ఆమోదం పొందిన ఉమ్మడి తీర్మానం ప్రకారం ఇచ్చిన ఈ పతకం వెనుక యుద్ధం లేదు. ఒక్క ఫిరంగీ పేలలేదు. రెండు ఓడలు ఒకే రేవులో లంగరు వేసుకుని పగలంతా ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉన్నాయి. ఆ తర్వాత ఒక ఖైదీ ఆస్ట్రియా ఓడ దిగాడు, అంతే. అంత చిన్న సంఘటనకు అంత పెద్ద పతకం ఎందుకు వచ్చింది, దాని మీది బొమ్మ ఏం చెబుతుంది, ఇప్పుడు చేతులు మారుతున్న ప్రతుల్లో ఏది ఏమిటి అన్నవి కలిపి చూడాల్సిన ప్రశ్నలు. సంఘటన తెలియకుండా ఈ బొమ్మ అర్థం కాదు.

ఆ ఖైదీ మార్టిన్ కోస్టా. హంగరీ వాడు. ఆస్ట్రియా ఏలుబడి మీద 1848–49లో జరిగిన హంగరీ తిరుగుబాటులో పాల్గొని, అది అణగారాక తుర్కీకి పారిపోయాడు. ఆ తిరుగుబాటు నాయకుడు లయోష్ కొషూత్‌తో పాటు తుర్కీలోని కుతాహ్యాలో నిర్బంధంలో ఉండి, 1851లో తుర్కీ వదిలి వెళ్తానన్న షరతు మీద విడుదలై అమెరికా చేరాడు. 1852 జూలై 31న న్యూయార్క్‌లో, అమెరికా పౌరుణ్ని కావాలన్నది తన ఉద్దేశమని ప్రమాణ పత్రం దాఖలు చేశాడు. అప్పటి చట్టంలో అది తొలి మెట్టు మాత్రమే. పౌరసత్వం రావాలంటే అయిదేళ్ల నివాసం కావాలి, ఆ ప్రమాణ పత్రం ఇచ్చాక కనీసం రెండేళ్లు గడవాలి. ఏడాది కూడా తిరక్కముందే, 1853లో కోస్టా సొంత పని మీద స్మిర్నాకు వచ్చాడు. నేటి ఇజ్మీర్ అదే. అమెరికా కాన్సులేట్ నుంచి తెజ్కెరె అనే ప్రయాణ పత్రం పుచ్చుకున్నాడు.

ఆ జూన్ చివరి భాగంలో ఆస్ట్రియా కాన్సులేట్ కిరాయికి పెట్టిన మనుషులు రేవు ఒడ్డున అతని మీద పడ్డారు. పెనుగులాటలో అతను నీళ్లలో పడ్డాడు. అక్కడే కాచుకుని ఉన్న పడవ అతన్ని అందుకుని ఆస్ట్రియా యుద్ధనౌక హుసార్‌కు చేర్చింది. హుసార్ రెండు స్తంభాల బ్రిగ్ రకం ఓడ. అందులో అతనికి సంకెళ్లు వేశారు. ఇదంతా జరిగింది తుర్కీ నేల మీద. తుర్కీ అనుమతి మాత్రం ఎవరూ అడగలేదు.

సరిగ్గా ఆ సమయానికి అమెరికా యుద్ధనౌక సెయింట్ లూయిస్ ఆ రేవుకు వచ్చింది. అది మూడు స్తంభాల స్లూప్ రకం ఓడ. దాని కమాండర్ ఇంగ్రహామ్ 1802లో చార్లెస్టన్‌లో పుట్టాడు. పదేళ్లు నిండకముందే, 1812లో మిడ్‌షిప్‌మన్‌గా, అంటే శిక్షణలో ఉన్న అధికారిగా, నౌకాదళంలో చేరాడు. స్మిర్నా నాటికి నలభై ఏళ్ల సర్వీసు ఉన్నవాడు. ఇతను చేసిన పనుల వరుసలోనే పతకానికి కారణం ఉంది. ముందు కాన్సుల్‌తో కలిసి హుసార్ ఎక్కి ఖైదీని చూశాడు. కోస్టా దగ్గర అమెరికా పౌరసత్వం లేదని తెలిశాక తొందరపడి ఫిరంగులు తెరవలేదు. తుర్కీ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో అమెరికా రాయబార కార్యాలయానికి తాత్కాలికంగా బాధ్యుడుగా ఉన్న జాన్ పోర్టర్ బ్రౌన్‌ను సలహా అడుగుతూ జాబు పంపించాడు. జవాబు వచ్చేదాకా ఖైదీని అక్కడి నుంచి కదిలించవద్దని ఆస్ట్రియా వారిని కోరాడు. తన ఓడను దగ్గరగా నిలిపి కాపలా పెట్టాడు. వాళ్లు కోస్టాను ఆస్ట్రియా రేవు ట్రియస్టెకు ఎక్కించేస్తే ఆ తర్వాత ఏ జవాబు వచ్చినా చేయగలిగేది ఏమీ ఉండదు.

బ్రౌన్ జవాబు వచ్చింది: కోస్టా అమెరికా రక్షణకు అర్హుడు, అప్పగించమని అడగండి, కాదంటే బలంతో తీసుకోండి. జూలై 2 ఉదయం ఇంగ్రహామ్ హుసార్ కమాండర్‌కు రాతపూర్వకంగా కబురు పెట్టాడు. కోస్టాను అప్పగించాలి, లేకుంటే బలప్రయోగం తప్పదు, సాయంత్రం నాలుగు గంటల లోపు జవాబు రావాలి అని అందులో ఉంది. ఉదయం కబురు, సాయంత్రం గడువు. ఈ మధ్య గంటలే మొత్తం వ్యవహారానికి కీలకం. అర్ధగంట గడువిస్తే అవతలివాడు పౌరుషానికి పోతాడు. రెండు రోజులు ఇస్తే ఖైదీ మాయమవుతాడు. ఒక పగలు ఇస్తే ఇద్దరు కాన్సుళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి వీలుంటుంది, ఓడ తప్పించుకోవడానికి మాత్రం ఉండదు. పైగా సెయింట్ లూయిస్ ఫిరంగులకు మందు కూరి సిద్ధంగా ఉందని రేవులో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఆస్ట్రియా వైపు హుసార్ ఒక్కటే కాదు, ఇతర ఆస్ట్రియా నౌకలూ రేవులో ఉన్నాయి. కాబట్టి ఇది బలవంతుడు బలహీనుణ్ని బెదిరించిన సందర్భం కాదు.

గడువు తీరకముందే ఒప్పందం కుదిరింది. కోస్టాను అమెరికా ఓడకు ఇవ్వలేదు, ఆస్ట్రియా ఓడలోనూ ఉంచలేదు. రెండు ప్రభుత్వాలూ ఒక నిర్ణయానికి వచ్చేదాకా ఫ్రెంచి కాన్సుల్ జనరల్ అధీనంలో ఉంచేట్టు ఒప్పుకున్నారు. ఆ శరదృతువులో అతను విడుదలై అమెరికాకు ఓడ ఎక్కాడు. ఈ కథను చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడ ఒక ముక్క వదిలేస్తారు. జూలై 2న ఇంగ్రహామ్ కోరింది ఒకటి, ఒప్పుకున్నది మరొకటి. మూడోపక్షం చేతికి ఖైదీని ఇవ్వడానికి సరేననడం అతని నిర్ణయంలో అత్యంత కష్టమైన భాగం, అత్యంత గొప్ప భాగం కూడా. ఆ ఒక్క సడలింపు లేకపోతే ఆ సాయంత్రం రెండు దేశాలు యుద్ధంలో ఉండేవి. రక్తం అసలు చిందలేదనడానికీ లేదు. ఖైదీని పట్టుకుపోయిన కోపంతో స్మిర్నాలోని ప్రవాసులు ఆస్ట్రియా నౌకాదళం వాళ్ల మీద దాడి చేయగా ఒక యువ అధికారి ప్రాణం పోయింది. పతకం మీద ఆ మరణానికి చోటు లేదు. చదివేవాళ్లకు మాత్రం అది తెలిసి ఉండాలి.

ఆస్ట్రియా మండిపడింది. వాషింగ్టన్‌లోని దాని ప్రతినిధి హుల్సెమాన్ 1853 ఆగస్టు 29న నిరసన పత్రం ఇచ్చాడు. అమెరికా విదేశాంగ మంత్రి విలియం మార్సీ సెప్టెంబరు 26న ఇచ్చిన సుదీర్ఘ జవాబు నేటికీ అంతర్జాతీయ న్యాయ గ్రంథాల్లో కనిపిస్తుంది. కోస్టా పౌరుడని మార్సీ వాదించలేదు. అమెరికాలో స్థిర నివాసం ఏర్పరచుకుని, పౌరుడు కావాలని ప్రమాణం చేసినవాడు ఆ దేశపు జాతీయ స్వభావాన్ని పొందుతాడన్నది ఒక వాదం. తుర్కీ నేల మీద ఆస్ట్రియాకు అతన్ని పట్టుకునే అధికారమే లేదన్నది ఇంకో వాదం. రెండోది గట్టిది. మొదటిది సాగదీసిన వాదమని అప్పటి నుంచీ న్యాయశాస్త్రవేత్తలు అంటూనే ఉన్నారు. స్మిర్నా లాంటి తుర్కీ రేవుల్లో విదేశీయులు తమ తమ కాన్సుళ్ల రక్షణ కింద ఉండే ఏర్పాటు అప్పట్లో అమల్లో ఉంది కాబట్టే అది అక్కడ నిలిచింది. ఇదే వాదాన్ని ఇప్పటి తెలుగు ప్రవాసులకు అన్వయించుకుంటే మోసపోతారు. గ్రీన్ కార్డు మీద ఉండి భారతీయ పాస్‌పోర్టుతో మూడో దేశానికి వెళ్లినవాళ్లు ఇబ్బందిలో పడితే ముందుగా తలుపు తట్టాల్సింది భారత కాన్సులేట్‌దే.

అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ పియర్స్ ఆ డిసెంబరులో కాంగ్రెస్‌కు పంపిన తన తొలి వార్షిక సందేశంలో ఇంగ్రహామ్ చర్యను సమర్థించాడు. ఎనిమిది నెలల తర్వాత పతకం తీర్మానం వచ్చింది. తగిన చిహ్నాలతో ఒక పతకం చేయించి ఇవ్వాలని అధ్యక్షుణ్ని కోరుతూ, కారణాన్ని తీర్మానం స్పష్టంగా చెప్పింది. 1853 జూలై 2న ధైర్యంతో, వివేకంతో నడుచుకుని, ఆస్ట్రియా యుద్ధనౌకలో బలవంతపు నిర్బంధం నుంచి మార్టిన్ కోస్టాను కాపాడి, అతనికి అమెరికా ప్రభుత్వ రక్షణ కల్పించినందుకు ఈ గౌరవం. వివేకాన్ని ధైర్యం పక్కన నిలబెట్టడం ఊరికే రాసిన లాంఛనం కాదు. గడువు లెక్క, జాబు కోసం ఆగడం, మూడోపక్షానికి ఒప్పుకోవడం అన్నీ ఆ ఒక్క మాటలోకి వస్తాయి. ఈ వ్యవహారం న్యాయస్థానంలోనూ నిలిచింది. అమెరికా సుప్రీంకోర్టు 1890లో నీగల్ కేసు తీర్పులో కోస్టా ఉదంతాన్ని ఉదహరించింది. ఏ చట్టంలోనూ అక్షరాలా రాసి లేకపోయినా ప్రభుత్వానికి తన రక్షణలో ఉన్నవాణ్ని కాపాడే బాధ్యత ఉంటుందనడానికి అది ఉదాహరణ అయింది.

పతకానికి బొమ్మ గీసినవాడు సేత్ ఈస్ట్‌మన్. సైన్యంలో అధికారి, అమెరికా మూలవాసుల జీవితాన్ని చిత్రించి పేరు తెచ్చుకున్న చిత్రకారుడు. నేల మీది సైనికుడు సముద్రం బొమ్మ గీయడం విచిత్రంగా అనిపించినా, దూరాలనూ ఎత్తుపల్లాలనూ కొలిచి గీసే సైనిక చిత్రకళ శిక్షణ అతనికి ఇక్కడ బాగా పనికొచ్చింది. అచ్చులు ఫిలడెల్ఫియా టంకశాలలో తయారయ్యాయి. ప్రధాన చెక్కుడు నిపుణుడు జేమ్స్ బార్టన్ లాంగెకర్, అతని దగ్గర పనిచేసిన పీటర్ క్రాస్ వాటిని చెక్కారు. బొమ్మ వైపు స్మిర్నా రేవు, అందులో సెయింట్ లూయిస్, హుసార్ ఓడలు. బొరుసు వైపు తీర్మానపు మాటలను అనుసరించిన శాసనం. వ్యాసం సుమారు 105 మిల్లీమీటర్లు. 1812 యుద్ధ పతకాలు 65 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండేవి. దీని విస్తీర్ణం వాటికి రెండున్నర రెట్లు.

ఈ పరిమాణం ఆడంబరం కోసమేనని కొందరు అనుకుంటారు. బొమ్మను నిదానంగా చూస్తే కారణం తెలుస్తుంది. యుద్ధ దృశ్యంలో పొగ, మంట, విరిగిన స్తంభం చూపిస్తే కథ చెప్పినట్టే. ఇక్కడ అవేవీ లేవు. రెండు ఓడల మధ్య దూరం, ఒకదాని పక్కభాగం రెండోదానికి ఎలా తిరిగి ఉంది, వెనుక ఊరు ఎంత దగ్గరగా ఉంది అన్నవే కథ. అవి కనిపించాలంటే విశాలమైన చోటు కావాలి. భూతద్దంతో స్తంభాలను లెక్కపెట్టండి. మూడు స్తంభాలున్నది స్లూప్, రెండున్నది బ్రిగ్. ఏది ఎవరి ఓడో తెలుసుకోవడానికి జెండాల కన్నా ఇది నమ్మకమైన గుర్తు, ఎందుకంటే అరిగిన ప్రతుల్లో మొదట చెరిగిపోయేవి జెండాలే.

అంత పెద్ద పతకాన్ని ఆ కాలపు యంత్రాలతో ముద్రించడం తేలిక కాదు. ఉక్కు దిమ్మ మీద బొమ్మ చెక్కాక దాన్ని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచాలి. నాలుగంగుళాలకు పైబడిన దిమ్మలో పైభాగం ముందు చల్లారి ముడుచుకుంటుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు అచ్చు పగలడం మామూలే. నెలల పని ఒక్క క్షణంలో పోతుంది. పగలకుండా నిలిచిన అచ్చును స్క్రూ ప్రెస్‌లో బిగించి రాగి బిళ్ల మీద దెబ్బ వేస్తారు. ఒక్క దెబ్బకు బొమ్మ పూర్తిగా రాదు. రాగి దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి ప్రతి ఒకటి రెండు దెబ్బలకూ బిళ్లను తీసి, కొలిమిలో మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, చల్లార్చి, పైన పేరుకున్న నల్లని పొరను ఆమ్లంలో కడిగి, మళ్లీ సరిగ్గా అదే స్థానంలో కూర్చోబెట్టి కొట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా అక్షరాల అంచులు జంటగా పడతాయి. ఎక్కువ ప్రతులు కొట్టిన అచ్చు నడుమ కుంగుతుంది. అప్పుడు పతకం మధ్యభాగం కాస్త ఉబ్బినట్టు వస్తుంది. ఇలాంటి పెద్ద పతకాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు ఉక్కు స్కేలును ఖాళీ భాగం మీద నిలువుగా ఆనించి వెలుతురుకు పట్టి చూడండి. ఉబ్బు కనిపిస్తే అచ్చు బాగా వాడాక వచ్చిన ప్రతి అన్నమాట. అది నకిలీకి గుర్తు కాదు.

అధికారిగా ఇంగ్రహామ్‌కు అందినది బంగారు పతకం. బజారులో కనిపించేవి టంకశాల కొట్టిన కంచు ప్రతులు. అసలు లోహం చూస్తే వీటిలో చాలావరకు దాదాపు శుద్ధ రాగే. పైన వేడిమీద పట్టించిన గోధుమరంగు పూత వల్ల కంచు పేరు వచ్చింది. చాక్లెట్‌లా నిండు గోధుమ రంగు, నున్నని మెరుపు ఉంటే సాధారణంగా 19వ శతాబ్దపు ముద్రణ. పసుపు కలిసిన, మెరుపు తగ్గిన పైభాగం ఉంటే తర్వాతి కాలపు ముద్రణ. రెండూ టంకశాల నుంచి వచ్చినవే, రెండూ అసలువే. కానీ ధరలో చాలా తేడా ఉంటుంది. పాతదాని ధరకు కొత్తది అంటగట్టడమే ఈ వ్యాపారంలో ఎక్కువగా జరిగే మోసం.

పోత పోసిన నకళ్లను పట్టుకోవడానికి వెర్నియర్ కాలిపర్ చాలు. అసలు పతకం నుంచి మూస తీసి కంచు పోస్తే, లోహం చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర నుంచి రెండు వంతులు ముడుచుకుంటుంది. 105 మిల్లీమీటర్లది 103 చిల్లరకు దిగుతుంది. నాలుగు దిక్కుల్లో కొలిచి సగటు తీయండి. అక్షరాల మొదళ్లలో సన్నని గుంటలు, మెత్తబడ్డ అంచులు ఉంటే అనుమానం తీరినట్టే. ఎలక్ట్రోటైప్ నకళ్లు ఇంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే వాటిలో ముడుచుకోవడం ఉండదు, కొలత సరిపోతుంది, గీత గీతా దిగుతుంది. విద్యుత్తుతో రాగిని మూసలో పేర్చి రెండు పెంకులు చేసి, మధ్యలో సీసం నింపి అతుకుతారు. అతుకు అంచు మీద ఉంటుంది. పతకాన్ని నిలబెట్టి పక్కనుంచి దీపం వేసి, అంచును నెమ్మదిగా తిప్పుతూ పది రెట్ల భూతద్దంతో చూస్తే సన్నని గీత దొరుకుతుంది. గీతను ఆకురాయితో అరగదీసి ఉంటే అరగదీసిన గాట్లైనా ఉంటాయి. మెత్తని గుడ్డ మీద పట్టుకుని గోటితో మీటితే ముద్రించిన రాగి నిలకడగా మోగుతుంది, సీసం నింపినది టక్కుమని ఆగిపోతుంది.

తూకం ఇంకా గట్టి సాక్ష్యం. 105 మిల్లీమీటర్ల బిళ్లలో ప్రతి మిల్లీమీటరు మందానికి 8.66 ఘన సెంటీమీటర్ల లోహం ఉంటుంది. రాగి అయితే అది సుమారు 77 గ్రాములు, శుద్ధ బంగారం అయితే 167 గ్రాములు. బొమ్మ ఎత్తుపల్లాల వల్ల కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ రెట్టింపు తేడాను అవి దాచలేవు. బంగారు నీరు పట్టించిన రాగిని బంగారమని చూపితే ఈ లెక్క ఒక్కటే చాలు. సాంద్రత సరిగ్గా తేల్చాలంటే నీళ్ల గిన్నెను 0.1 గ్రాము తేడా చూపే త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. పతకాన్ని నైలాన్ దారంతో వేలాడదీసి, అడుగుకూ గోడకూ తగలకుండా పూర్తిగా ముంచండి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే దాని ఘనపరిమాణం, ఘన సెంటీమీటర్లలో. పొడి బరువును దానితో భాగిస్తే రాగికి 8.9 దగ్గర రావాలి. తక్కువ వస్తే ముందు చూడాల్సింది అక్షరాల మధ్య ఇరుక్కున్న గాలి బుడగలను. శుద్ధ జలంలో ఒక చుక్క ద్రవ సబ్బు కలిపితే అవి వదిలిపోతాయి. 8.9 కన్నా స్పష్టంగా ఎక్కువ వస్తే లోపల సీసం ఉంది. అంచు మీద అతుకు కనిపించిన పతకాన్ని మాత్రం ముంచకండి. సందులోంచి లోపలికి వెళ్లిన నీరు బయటికి రాదు, పెంకును లోపలి నుంచి తినేస్తుంది.

శుభ్రం చేసే విషయంలో మన ఇళ్లలోని అలవాటు పతకాలకు శత్రువు. రాగి చెంబుకు చింతపండు రాసినట్టు దీనికి రాస్తే గోధుమ పూత నిమిషంలో లేచిపోయి, గులాబీ రంగు పచ్చి రాగి బయటపడుతుంది. నిమ్మకాయ, ఉప్పు, ఇత్తడి పాలిష్ అన్నీ అంతే. ఆ పూతను తిరిగి తేవడం కుదరదు, పతకం విలువలో పెద్ద భాగం దానితోనే పోతుంది. దుమ్ముంటే మెత్తని కుంచెతో దులపాలి, జిడ్డుంటే శుద్ధమైన ఎసిటోన్‌లో ముంచి తీసి ఆరనివ్వాలి, అంతకు మించి ఏమీ చేయకూడదు. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోవాలి. అర కిలో దాటిన బరువు కాబట్టి కింద మెత్తని గుడ్డ పరిచి ఉంచాలి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో గాలిలోని ఉప్పూ తేమా రాగికి ఆకుపచ్చ పొడి వ్యాధిని తెస్తాయి. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా మొదలై, తుడిచినా మళ్లీ అదే చోట పుట్టుకొస్తే అది చిలుము కాదు, క్లోరైడు తినేయడం. అలాంటిదాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి నిపుణులకు చూపించాలి. రాకుండా ఉండాలంటే గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న తేమ కొలిచే మీటరు ఉంచి తేమను నూటికి 40 లోపు నిలపాలి. జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు పీవీసీవి. వాటి నుంచి వచ్చే ఆమ్లం పతకం మీద జిగురు ఆకుపచ్చ పొర కడుతుంది. పాలియెస్టర్ కవరు, ఆమ్లం లేని కాగితం మేలు. టేకు పెట్టెలు చూడటానికి బాగుంటాయి గానీ చెక్క నుంచి వచ్చే ఆవిర్లూ రాగికి పడవు.

ఈ పతకాన్ని చూసి ఇంగ్రహామ్ జీవితమంతా ఒకే జెండా కింద సాగిందనుకోకూడదు. 1856 నుంచి 1860 దాకా నౌకాదళంలో ఆయుధాల విభాగానికి అధిపతిగా ఉన్న ఇతను, సొంత రాష్ట్రం దక్షిణ కరోలినా అమెరికా నుంచి విడిపోగానే 1861లో రాజీనామా చేసి, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల కూటమి అయిన కాన్ఫెడరేట్ నౌకాదళంలో చేరాడు. 1863 జనవరి 31న చార్లెస్టన్ రేవును దిగ్బంధించిన కేంద్ర ప్రభుత్వ నౌకల మీద ఇనుప కవచపు ఓడలతో దాడి నడిపించాడు. తనకు బంగారు పతకం ఇచ్చిన కాంగ్రెస్ నౌకల మీదే ఆ ఫిరంగులు పేలాయి. 1891లో చార్లెస్టన్‌లోనే మరణించాడు. తర్వాత అదే అమెరికా నౌకాదళం అతని పేరు నాలుగు యుద్ధనౌకలకు పెట్టింది, వాటిలో చివరిది 1989లో సేవలో చేరిన ఫ్రిగేట్. బానిసత్వాన్ని నిలపడానికి పోరాడిన పక్షానికి పనిచేసినవాడు అంతకుముందు ఒక శరణార్థి సంకెళ్లు విప్పించాడన్న రెండు సంగతులూ నిజం. మ్యూజియం పలకల మీదా వేలం జాబితాల్లోనూ సాధారణంగా మొదటి సంగతి ఉండదు. పతకం పక్కన పెట్టే చీటీలో కమాండర్ పేరు, ఓడ పేరు, 1853 జూలై 2, 1854 ఆగస్టు 4, లోహం, వ్యాసం, బరువు, పూత రంగుతో పాటు 1861 నాటి రాజీనామానూ, మార్టిన్ కోస్టా పేరునూ రాయాలి.